మేసేదెవరు, మేపేదెవరు?

మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి ఊళ్లలో పాడి రైతు నోట రోజూ వినిపించే మాటలు ఒకచోట రాసి పెట్టుకుంటే చిన్న నిఘంటువే తయారవుతుంది. గడ్డి, చొప్ప, మేత, దాణా, తవుడు, పల్లి పిండి, పత్తి గింజల చెక్క, కుడితి. అదే రైతు పశువైద్యశాలకు పోతే అక్కడి కరపత్రంలో ‘పశుగ్రాసం’ అని ఉంటుంది. రాజేంద్రనగర్ దాకా పోయి శాస్త్రవేత్తను కలిస్తే ‘పోషణ’ అంటారు, ‘పోషక విలువలు’ అంటారు. అన్నీ పశువు నోట్లోకి పోయేదాని గురించే. కానీ ఒక్కో మాటది ఒక్కో పుట్టిల్లు, ఒక్కో చూపు. వీటిలో ‘మేత’ను పట్టుకుని కొంత దూరం నడవాలని ఈ ప్రయత్నం. పశువుల పోషణ మీద, కోళ్ల పోషణ మీద నూరేళ్లకు పైగా సాగిన పరిశోధన చెబుతున్న ముఖ్యమైన సంగతి ఒకటి ఈ మాట వ్యాకరణంలో ముందునుంచే ఉందని నా నమ్మకం.

కోయు–కోత, మోయు–మోత, రాయు–రాత, నేయు–నేత. మేయు–మేత కూడా ఈ వరసలోదే. ఇవన్నీ క్రియల నుంచి పుట్టిన నామవాచకాలు. వీటికి ఒక సొగసు ఉంది: పని పేరూ, ఆ పనికి సంబంధించిన వస్తువు పేరూ ఒకటే. రాత అంటే రాసే పని, రాసి ఉన్నది కూడా రాతే. మేత కూడా అంతే. ‘గొడ్లు మేతకు పోయినయి’ అన్నప్పుడు మేత ఒక పని. ‘బర్రెకు మేత వెయ్యి’ అన్నప్పుడు మేత ఒక వస్తువు. అయితే పని ముందు, వస్తువు తర్వాత. మేసేది ఉంటేనే అది మేత. అడవిలో పెరిగిన గడ్డి గడ్డే. దాని మీద పశువు నోరు పెట్టినప్పుడే దానికి మేత అన్న పేరు వస్తుంది.

మేయు అన్న క్రియకు కర్త పశువు. మనిషి ఈ వాక్యంలోకి రావాలంటే క్రియ రూపం మారాలి, ‘మేపు’ కావాలి. మేపడం అంటే మేసేలా చూడటం. ‘నేను బర్రెను మేపాను’ అన్న వాక్యంలో పైకి కర్తను నేనే అయినా లోపల ఇంకో కర్త ఉంది, మేసింది అదే. నా పని దాన్ని మేతకు చేర్చడం వరకే. ఈ ధాతువు మన ఒక్కరిదే కాదు. తమిళంలో మేయ్, కన్నడంలో మేయు, పశువుల మేతకు కన్నడిగులు వాడే మేవు, అన్నీ ఒక్క ఇంటివే. పాత కావ్యభాషలో పామును ‘గాలిమేపరి’ అన్నారు, గాలిని మేసి బతుకుతుందన్న నమ్మకంతో. ఎవరూ పెట్టకుండా, తనంతట తాను వెతుక్కుని తినడం ఈ క్రియ ప్రాణం.

ఇక దాణా. ఇది గింజ నుంచి వచ్చిన మాట. ఫారసీలో ‘దానా’ అంటే గింజ. సంస్కృతంలో గింజలకు, వేయించిన యవలకు ‘ధానా’ అనే పేరు ఉంది. రెండూ ఒకే మూలానికి చెందినవి. ఉర్దూలో పలికేది ‘న’. మన దాణాలో ఉన్నది ‘ణ’. మరాఠీలో గింజను ‘దాణా’ అంటారు, అక్కడ ‘ణ’ స్పష్టంగా ఉంది. తెలుగుకు ఈ మాట మరాఠీ గుమ్మం మీదుగా వచ్చిందని ఆ ఒక్క అక్షరం చెబుతున్నట్టు ఉంటుంది. దక్కన్‌లో గుర్రపు దండులు తిరిగినన్నాళ్లు గుర్రానికి కొలిచి పెట్టే ఉలవలు, శనగలే దాణా. కొలత ఈ మాట వాడుకలోనే ఉంది. దాణా తనంతట తాను దొరకదు. ఎవరో తూచాలి, కలపాలి, పెట్టాలి.

గ్రాసం అంటే నోటికి పట్టినంత ముద్ద. గ్రసించు అన్న క్రియ పుస్తకాల్లో ఉంది గానీ కొట్టంలో ఎవరూ అనరు. అందుకే పశుగ్రాసం కాగితం మీద బాగుంటుంది, నోట్లో నిలవదు. మేతకు నిజమైన తోబుట్టువు కుడితి. కుడుచు అంటే తాగడం, తినడం. తమిళంలో కుడి అంటే తాగు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, తవుడు, మిగిలిన మెతుకులు కలిపి గోలెంలో పోస్తే పశువు కుడిచేది కుడితి. ఇదీ క్రియ నుంచి పుట్టిందే, దీనికీ కర్త పశువే. ‘కుడితిలో పడ్డ ఎలుక’ అన్న నానుడి ప్రతి ఇంటి వాకిట్లో కుడితి తొట్టి ఉన్న రోజులది.

క్రియలను కాస్త దగ్గరగా చూడండి. బర్రె గడ్డి మేస్తుంది. కుడితి తాగుతుంది. దాణా తింటుంది. దాణాను మేస్తుంది అనం. పచ్చిక దగ్గర దానికి ఉన్న క్రియ తొట్టి దగ్గరికి వచ్చేసరికి పోతుంది, మన క్రియ వస్తుంది. ఇది ఎవరూ కూర్చుని చేసిన నియమం కాదు. వెతుక్కోవడం ఉన్నచోట మేయడం, ఎదురుగా పెట్టింది నోట్లో వేసుకునేచోట తినడం. భాష ఈ తేడాను గుర్తించి విడిగా ఉంచింది. బర్రెకు బాగాలేదని రైతు వెళ్లినప్పుడు పశువైద్యుడి మొదటి ప్రశ్న కూడా ఇక్కడినుంచే వస్తుంది: ‘మేత మేస్తుందా? నెమరు వేస్తుందా?’ జ్వరం చూడటం, పొట్ట తట్టి వినడం తర్వాత. ‘మేత ముడతలేదు డాక్టర్ సాబ్’ అన్న జవాబులో సగం రోగనిర్ధారణ ఉంది.

నెమరు దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మేయు–మేపు జంట అసలు లోతు అక్కడుంది. ఆవు, బర్రె, గొర్రె, మేక కడుపులో నాలుగు గదులు. మొదటిదీ పెద్దదీ అయిన గదిని శాస్త్రంలో రూమెన్ అంటారు. అందులోని ద్రవం ఒక్క మిల్లీలీటరులో వందల కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. గడ్డిలోని పీచును జీర్ణం చేసుకునే శక్తి బర్రెకు లేదు, ఆ సూక్ష్మజీవులకు ఉంది. పీచును పులియబెట్టి అవి విడిచే ఆమ్లాలే బర్రెకు శక్తి. ఆ సూక్ష్మజీవులు పెరిగి తర్వాతి గదుల్లోకి పోయి జీర్ణమైనప్పుడు అవే దానికి మాంసకృత్తులు. అంటే రైతు బర్రెను మేపుతాడు, బర్రె తన లోపలి జీవులను మేపుతుంది. నోరు ఒకరిది, మేసేది మరొకరు. వరిగడ్డికి యూరియా పట్టించే పద్ధతి ఈ సంగతి మీదే నిలబడింది. నూరు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను నీళ్లలో కరిగించి చల్లి, గాలి పోకుండా కప్పి మూడు వారాలు ఉంచితే గడ్డి మెత్తబడుతుంది, అందులోని నత్రజనిని రూమెన్ జీవులు మాంసకృత్తులుగా మార్చుకుంటాయి. యూరియా బర్రెకు మేత కాదు. బర్రె మేపే జీవులకు మేత.

ఈ లోపలి మందను మరిచిపోతే ఏమవుతుందో మొయినాబాద్ చుట్టుపక్కల పాడి రైతులకు తెలుసు. ఫంక్షన్ హాళ్లు, ఫామ్‌హౌస్‌లు పెరిగిన చోట పెళ్లి మర్నాడు మిగిలిన అన్నం గంపలకొద్దీ దొరుకుతుంది. పారేయడం పాపమని బర్రె ముందు పోస్తారు. అది ఇష్టంగా తింటుంది. గడ్డికి అలవాటుపడిన రూమెన్‌లోకి ఒక్కసారిగా అంత పిండిపదార్థం పడితే వేగంగా పులిసి లాక్టిక్ ఆమ్లం పేరుకుపోతుంది. ఆమ్లం పెరిగేసరికి పీచును జీర్ణం చేసే జీవులు చచ్చిపోతాయి. కడుపు బరువెక్కుతుంది, నెమరు ఆగుతుంది, ఒంట్లోని నీరు కడుపులోకి గుంజుకుపోతుంది. సాయంత్రం తిన్న పశువు మర్నాటికి లేవదు. పెట్టినవాడిది దయే. కానీ అతడు పశువుకు తిండి పెట్టాడు, మేపలేదు. చేతిలో మిగిలిన అన్నం ఉంటే కొద్దికొద్దిగా, గడ్డితో కలిపి ఇవ్వాలి. ఒకేసారి గంపెడు అన్నం పోయడం ఎన్నడూ చేయరాదు.

ఇప్పుడు చొప్ప. జొన్న కంకి కోసుకున్నాక నిలిచే ఎండు కాండం, ఆకు. మన దగ్గర ‘సొప్ప’ అని కూడా అంటారు. కన్నడంలో ‘సొప్పు’ అంటే ఆకు, ఆకుకూర. అక్కచెల్లెళ్లలాంటి ఈ రెండు మాటల్లో కన్నడం పచ్చిదనాన్ని తీసుకుంది, తెలుగు ఎండిన దశను తీసుకుంది. శంకర్‌పల్లి పక్కనే పటాన్‌చెరులో 1972లో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఏర్పడింది. జొన్న దాని మొదటి పంటల్లో ఒకటి. అప్పటికే 1964లో మన దేశపు తొలి సంకర జొన్న సీఎస్‌హెచ్‌–1 వచ్చింది. పొట్టి మొక్క, గింజ ఎక్కువ. అయినా చాలామంది రైతులు పాత పొడుగు జొన్నను వదల్లేదు. గింజ ఇంటికి, చొప్ప కొట్టానికి. ఇల్లొకటే నిండితే సేద్యం నడవదన్నది వాళ్ల లెక్క. ఆ లెక్కను చాలాకాలం ఎవరూ శాస్త్రంగా చూడలేదు.

చూసిన పరిశోధన ఒకటి హైదరాబాద్ చొప్ప బజార్లలోనే జరిగింది. అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థకు చెందిన మైకేల్ బ్లుమెల్, ఇక్రిశాట్‌కు చెందిన పి. పార్థసారథి రావు నగరంలోని, చుట్టుపక్కల ఉన్న డెయిరీలకు అమ్ముడయ్యే జొన్న చొప్ప ధరలను పరిశీలించి 2006లో ఫలితాలు ప్రచురించారు. వ్యాపారులు చొప్పను ప్రాంతాల పేర్లతో రకాలుగా విడదీసి వేర్వేరు ధరలకు అమ్ముతారు. ఆ నమూనాలను ప్రయోగశాలకు తీసుకుపోయి కొలిస్తే, ధర ఎక్కువ పలికిన చొప్పలో జీర్ణమయ్యే భాగం ఎక్కువ ఉంది. 47 శాతం జీర్ణమయ్యే చొప్పకూ 52 శాతం జీర్ణమయ్యే చొప్పకూ తేడా అయిదు పాళ్లే. ధరలో తేడా మాత్రం పాతిక శాతం, అంతకు పైన కూడా.

ఆ అయిదు పాళ్ల తేడాను కొనేవాడు ఏ పరికరం లేకుండా ఎలా పట్టాడు? చొప్ప కొనే పాడి రైతును గమనించండి. మోపులోంచి ఒక దంటు లాగుతాడు. ఆకు ఎంత మిగిలిందో చూస్తాడు, ఎందుకంటే దంటు కంటే ఆకు తేలిగ్గా జీర్ణమవుతుంది. ఎండినా లోపల పచ్చ రంగు ఉందా లేక వానకు తడిసి నల్లబడిందా చూస్తాడు. దంటును విరుస్తాడు. లోపలి బెండును కొరికి తీపి ఉందా అని నమిలి ఉమ్మేస్తాడు. వాసన చూసి బూజు ఉంటే పక్కన పడేస్తాడు. ఇన్నీ చేసేది తన బర్రె తరఫున. ఎందుకంటే ఇంటికి తీసుకుపోయాక అది కూడా ఇదే పని చేస్తుంది, ఆకు ముందు తిని ముదురు దంటును మిగులుస్తుంది. మేయడంలో ఎంపిక ఉంది. బర్రె చేసే ఎంపికను మనిషి ఊహించి ధర కట్టాడు. ఆ ధరను పరిశోధన చదివింది. గింజ దిగుబడితో పాటు చొప్ప నాణ్యతనూ చూసి విత్తనం ఎంచాలన్న వాదన ఆ తర్వాత బలపడింది. ఒక మంచి పరిశోధన ఏం చేయాలో ఇది చేసింది, మేసేదాన్ని అడిగింది.

మేసేదాని ఎంపిక ప్రతిసారీ సరైనది కాదు. అందుకు తెలుగులో ఒక మాట ఉంది: నాము. జొన్న కోసేశాక మోడు నుంచి తిరిగి వచ్చే లేత పిలక నాము. దాన్ని మేసి పశువు పడిపోతే ‘నాము కొట్టింది’ అంటారు. లేత జొన్నలో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. పశువు నమిలినప్పుడు, రూమెన్ జీవులు దాని మీద పనిచేసినప్పుడు అందులోంచి సైనైడ్ విడుదలవుతుంది. వానలు ముఖం చాటేసి పైరు వాడిపోయినప్పుడు ఆ విషం ఎక్కువ. పచ్చగా, లేతగా, తియ్యగా కనిపించే పిలక నిమిషాల్లో ప్రాణం తీయగలదు. పూత రాకముందు జొన్నను మేపొద్దని, వాడిన పైరులోకి గొడ్లను వదలొద్దని, నాము కొట్టిన పశువుకు వెంటనే పశువైద్యుడి చేత సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్లు ఇప్పించాలని చెబుతారు. ‘ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా’ అని సామెత. చేలో మేయనివ్వకపోవడం పంట కోసమే కాదు, ఒక్కోసారి ఆవు కోసం కూడా. మేపేవాడి బాధ్యత ఇక్కడ మొదలవుతుంది. మేసే దాని నోటిని గౌరవించాలి, అది ఎరగని ప్రమాదాన్ని తను ఎరిగి ఉండాలి.

తవుడు కథ ఇంకా పెద్దది. తెలుగులో తవుడు చవకకు గుర్తు. ‘తవుడుకు వచ్చిన చెయ్యే ధనానికీ వస్తుంది’ అన్న సామెతలో తవుడు ధనానికి ఆవలి కొస. కానీ మనిషి విటమిన్ల జాడ పట్టింది ఈ తవుడులోనే, అది కూడా కోళ్ల మేతను చూసి. 1890 ప్రాంతంలో జావాలోని బటావియాలో క్రిస్టియాన్ ఐక్మన్ అనే డచ్ వైద్యుడు బెరిబెరి జబ్బుకు కారణం వెతుకుతున్నాడు. ప్రయోగశాల కోళ్లు కాళ్లు పట్టు తప్పి కూలబడసాగాయి. వాటికి కొన్నాళ్లుగా సైనిక ఆసుపత్రిలో వండిన పాలిష్ బియ్యపు అన్నం పెడుతున్నారని తేలింది. కొత్తగా వచ్చిన వంటవాడు కోళ్లకు ఆ అన్నం ఇవ్వనన్నాడు, మామూలు దంపుడు గింజలు వేశారు, కోళ్లు కోలుకున్నాయి. బియ్యం మీద పొరను, అంటే తవుడును తీసేస్తే ప్రాణానికి అవసరమైనదేదో పోతోందని అలా తేలింది. అదే తర్వాత థయమిన్, బీ1 విటమిన్ అయింది. ఐక్మన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. మనం పశువుకు వదిలేసిన పొరలో మన ఆరోగ్యం ఉంది. పశుపోషణ పరిశోధన మనిషి పోషణకు పెట్టిన భిక్ష ఇది.

కోళ్ల దగ్గర మేత, దాణా రెండు మాటలూ వింతగా కలుస్తాయి. రాజేంద్రనగర్‌లో 1988లో మొదలైన కోళ్ల పరిశోధన సంస్థ నేడు కోళ్ల పరిశోధన డైరెక్టరేట్. పెరటి కోసం వనరాజా, గ్రామప్రియ వంటి రకాలను రూపొందించింది అదే. ఈ పిల్లలను పెంచే పద్ధతిలో రెండు అంకాలున్నాయి. మొదటి అయిదారు వారాలు వెచ్చని చోట ఉంచి తూచిన దాణాతో పెంచాలి, టీకాలు వేయాలి. ఆ తర్వాత పెరట్లోకి వదలాలి. పురుగూ పుట్రా, రాలిన గింజ, ఆకు కొస వెతుక్కుంటాయి. సాయంత్రం గూటికి వచ్చేటప్పుడు గుప్పెడు గింజలు చల్లాలి, గుడ్లు పెట్టేవాటికి సున్నపు రాయి పొడి, గుల్ల పొడి వంటివి అందాలి. మొదట దాణా, తర్వాత మేత. ఊళ్లో ‘కోళ్లను మేతకు వదిలినం’ అనే వాడుక ఈ రెండో అంకానిది.

సున్నం సంగతిలో కోడి మనకు నేర్పే పాఠం ఒకటుంది. గుడ్డు పెంకులో రెండు గ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, పెంకు ఎక్కువగా రాత్రిపూట గట్టిపడుతుంది. గుడ్లు పెట్టే కోళ్లకు సున్నపు గుళికలను దాణాలో కలపకుండా విడిగా పెట్టి చూసిన పరిశోధకులు గమనించింది ఏమిటంటే, అవి సున్నాన్ని ఎక్కువగా సాయంత్రం వేళ ఏరుకుని తింటాయి. రాత్రి కట్టబోయే పెంకు కోసం ముందుగానే సిద్ధపడతాయి. కోడి దినచర్య దాని కడుపుకు తెలుసు. రోజుకు నూరు, నూట పది గ్రాముల దాణా తినే ఫారం కోడికి అన్నీ ఒక్క పిండిలో కలిపి ఇస్తాం. అదీ శాస్త్రమే, అది లేకపోతే మన పిల్లలకు ఇంత చవకగా గుడ్డు అందేది కాదు. కానీ ఆ పిండిలో ఎంత ఏది కలపాలో నేర్పింది కోళ్ల ఎంపికా, కోళ్ల ఒంటి తీరే. మొక్కజొన్న ధర పెరిగినప్పుడు దానికి బదులు ఏం పనికొస్తుందని చూసిన రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు సజ్జలు, కొర్రలు, రాగుల మీద చేసిన పనిని 2004లో ప్రచురించారు. మన మెట్ట చేలలో ఒకప్పుడు పండిన గింజలకు కోడి నోట్లో మళ్లీ చోటు వెతకడం నాకు చాలా ఇష్టమైన పని.

కలిపిన దాణాలో కంటికి కనిపించని భయం బూజు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చనిపోయాయి. బ్రెజిల్ నుంచి వచ్చిన పల్లి పిండిలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు విడిచిన విషం అందుకు కారణమని తర్వాత తేలింది. దానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. బర్రె తిన్న పల్లి పిండిలో ఆ విషం ఉంటే దాని మరో రూపం పాలలోకి వస్తుంది. మన దేశంలో కిలో పాలకు 0.5 మైక్రోగ్రాము మించరాదని హద్దు ఉంది. మేసినప్పుడు వాసన చూసి వదిలేసే పశువు, అన్నీ కలిపి పొడి చేసిన దాణాలో ఆ అవకాశం కోల్పోతుంది. కాబట్టి దాని ముక్కు చేసే పని దాణా కలిపేవాడు, అమ్మేవాడు చేయాలి. పల్లి పిండిని తడి తగలని చోట నిలవ చేయడం, బూజు పట్టిన సంచిని పారేయడం నష్టం కాదు, బాధ్యత.

మేతకు చోటు కూడా కావాలి. ఈ చోటుకు తెలంగాణలో ఎన్ని పేర్లున్నాయో చూడండి. గైరాన్ మరాఠీ నుంచి వచ్చింది, గాయ్ అంటే ఆవు, రాన్ అంటే బీడు, అడవి. బంచరాయి అంటే ఊరి గొడ్ల కోసం విడిచిన భూమి. కంచె అంటే గడ్డి పెరగనిచ్చిన భూమి. హైదరాబాద్ చుట్టూ ‘కంచ’ అన్న పేరున్న చోట్లు చాలావరకు ఒకప్పుడు మేత చోట్లే. ఈ మాటలు రెవెన్యూ రికార్డుల్లో ఇంకా ఉన్నాయి. పేరు ఉన్న చోట గడ్డి ఉన్నదా అన్నది వేరే ప్రశ్న.

మా వైపు ఈ చోట్ల కథ రెండు జలాశయాలతో ముడిపడి ఉంది: ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడేందుకు 1996 మార్చిలో వచ్చిన జీవో 111 పరిధిలో 84 గ్రామాలున్నాయి. మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల మండలాల ఊళ్లు వాటిలో ఉన్నాయి. నీళ్ల కోసం పెట్టిన ఆ ఆంక్ష, ఎవరూ అనుకోకుండానే, బీడును, మెట్టను, మేతను కూడా కొంత కాపాడింది. 2022లో ఆంక్షలు ఎత్తివేస్తూ జీవో 69 వచ్చింది. ప్లాటుగా మారిన బీడులో గడ్డి మొలిచినా గొడ్డుకు దారి ఉండదు, చుట్టూ ప్రహరీ లేస్తుంది. జొన్న తగ్గి పత్తి పెరిగిన చోట చొప్ప తగ్గింది, పత్తి కట్టె పశువుకు మేత కాదు. వరి కోత మిషన్ వచ్చాక గడ్డి మోపు కట్టి ఇంటికి తెచ్చుకునే పద్ధతి చాలాచోట్ల పోయింది. మేసే చోటు తగ్గినకొద్దీ తూచి పెట్టేది పెరుగుతుంది. మేత దాణాగా మారడం వెనక ఉన్న కారణం పశువు కాదు, భూమి.

అయినా భూమి తక్కువ ఉన్నవాడికీ దారి ఉంది. నేపియర్ గడ్డి కొద్ది గుంటల్లో ఏడాది పొడుగునా కోతకు వస్తుంది. పచ్చి మొక్కజొన్నను గింజ పాలు పోసుకునే దశలో కోసి, ముక్కలు చేసి, గాలి లేకుండా తొక్కి కప్పితే ఎండాకాలానికి సైలేజీ ఉంటుంది. దానికి తెలుగులో వాడే చక్కని పేరు పాతర గడ్డి. జొన్నలు పాతరలో దాచిన ఊళ్లకు ఈ మాటను ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. పశువుకు ఎండుమేత, పచ్చిమేత కలిపి మొత్తం మేతలో మూడింట రెండు వంతులు ఉండాలి, దాణా మూడో వంతు చాలు. పాలిచ్చే బర్రెకు దాని ఒంటికి కావలసిన దాణా పైన రెండు లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున కలపాలన్నది పాడి లెక్క. ఈ లెక్కలో కూడా ముందున్నది మేతే.

మనిషి మీద ‘మేయు’ను వాడితే తిట్టు. సొమ్ము ‘మేశాడు’ అంటాం. 1996లో బయటపడిన బిహార్ పశుదాణా నిధుల వ్యవహారాన్ని మన పత్రికలు ‘దాణా కుంభకోణం’ అన్నాయి, పశువు కోసం తూచాల్సింది తూచకుండానే పోయింది కాబట్టి. ఆ తిట్టులో తప్పు మనిషిది, క్రియది కాదు. పశువు మేసేటప్పుడు తన ఆకలి మేరకే మేస్తుంది, కడుపు నిండగానే పక్కకు పోయి పడుకుని నెమరేస్తుంది. మేయడం గౌరవమైన పని.

అందుకే రాజేంద్రనగర్, పటాన్‌చెరుల్లో పనిచేసే శాస్త్రవేత్తలకు ఒక విన్నపం. మీ ఫలితాలు తెలుగులో రాసేటప్పుడు ‘మేత’ అనే మాటను వదలకండి. పోషకాల శాతాలతో పాటు ఆ చొప్పను, ఆ గడ్డిని, ఆ దాణాను పశువు ఎంత మేసింది, ఎంత మిగిల్చింది, ఎందుకు మిగిల్చింది అన్నది కూడా రాయండి. రైతుకు ముందు అర్థమయ్యేది అదే. దాణా అమ్మేవారు సంచి మీద ఏం కలిపారో పెద్ద అక్షరాల్లో, తెలుగులో వేయండి. చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్ ఊళ్లలో ఉన్న చదువరులు మరో పని చేయాలి. మీ ఊరి రికార్డుల్లో గైరాన్, బంచరాయి, కంచె పేర్లున్న సర్వే నంబర్లు ఏవో, వాటిలో ఎన్ని ఎకరాలు మిగిలాయో పంచాయతీలో, తహసీల్ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. తెలుసుకున్నది గ్రామసభలో చెప్పండి.